ఫౌజీ రేసులో ఉన్నాడు

ఫౌజీ పోయాడన్న సంగతి మా పాత క్యాంపు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దండ వేసిన ఫొటో, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల నడుమ ఒక మహానుభావుడు, "పాపం, మల్ల మొదలువెట్టిండట. తాగే పోయిండట" అని రాశాడు. ఎవరు చెప్పారయ్యా, నువ్వు చూశావా అని అడిగితే ఇంకో చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. మనవాళ్ళకి చివర 'అట' ఒకటి తగిలిస్తే చాలు, సాక్ష్యంతో పనిలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను గల్లాపెట్టెలో పడేసి, నా పశువుల దాణా దుకాణం షట్టరు సగం దించి కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మంట చల్లారాక లోపల చిన్న భయం కూడా మిగిలింది. కొన్ని నెలలుగా ఆయన దగ్గర్నుంచి ఫోను లేదు. ఒకవేళ నిజమేనేమో అనిపించింది.

మేమిద్దరం సౌదీలో, అల్ ఖర్జ్‌లోని ఒక డెయిరీలో కలిసి పనిచేశాం. నేను లారీలకు సరుకు ఎక్కించే డిస్పాచ్‌లో. ఆయన ఐస్‌క్రీము పెట్టెలు దాచే పెద్ద ఫ్రీజర్ గదిలో. ఆ గది సంగతి చెప్పాలి. బయట పెనం మీద నిలబడ్డట్టుంటే, లోపల ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేవి. ఎవడైనా ఫోర్‌మన్‌తో పెట్టుకుంటే శిక్షగా అందులో వేసేవారు. అందులోకి అడిగి మరీ వెళ్ళినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే. మొదటిరోజు తలుపు తీసి, ఆ పొగమంచులో నిలబడి, ఛాతీ నిండా ఊపిరి పీల్చి, "అబ్బ, ఇగ సౌదీకచ్చినట్టయింది" అన్నాడు. పక్కనున్న బంగ్లాదేశ్ అతను ఈయనకు మతి చలించిందనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

మనిషి పొట్టి, గట్టి. నిలబడితే మోకాళ్ళు ఎప్పుడూ కొంచెం వంగే ఉండేవి, ఎవరో కుర్చీ వేస్తారని ఎదురుచూస్తున్నట్టు. కంపెనీ బస్సులో మేమంతా కడ్డీలు పట్టుకుని వేలాడుతుంటే, ఆయన నడుమ ఖాళీలో చేతులు వదిలేసి నిలబడేవాడు. బ్రేకు వేస్తే మేం ఒకరిమీద ఒకరం పడేవాళ్ళం, ఆయన నడుము మాత్రం ఇటు నుంచి అటు తిరిగేది. పదిహేనేళ్ళు పట్టాళంలో ఉన్నవాడు కనక క్యాంపులో అందరికీ ఫౌజీ. అసలు పేరు జీతాలిచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

మా గదిలోకి వచ్చిన కొత్తలో తన సంగతి చెప్పుకున్నాడు. "నేను ఆర్మీ జట్టుల స్కీయింగ్ చేసిన్నే. పోటీలల్ల ఉరికిన."

మా గదిలో జగిత్యాల పక్క నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకడుండేవాడు. దేన్నయినా చివరిదాకా అడిగే రకం. "అంటే ఏం జేస్తరే?" అన్నాడు.

"కాళ్ళకు పొడుగు పట్టీలు కట్టుకొని మంచుకొండ మీదికెల్లి జారుడు."

"జారినంక?"

"కిందికస్తం."

"మల్ల పైకెట్ల వోతరు?"

"నడిచి పోతం. కొన్నితాన తాళ్ళకు కుర్చీలుంటయి."

మేస్త్రీ వేళ్ళమీద లెక్క వేసుకున్నాడు. "పైకి నడిచి పోయి, కిందికి జారి, మల్ల పైకి నడిచి పోతరా? గీ పనికి సర్కారు జీతమిచ్చిందా? మా తాత ఊకె గుట్టెక్కి దిగుతుండె, ఎవ్వడు రూపాయియ్యలే."

ఆ దెబ్బకు గదంతా పడీపడీ నవ్వాం. ఫౌజీ కూడా నవ్వాడు. కానీ ఎవరూ నమ్మలేదు. మంచు మొహం చూడని ఊరివాడు మంచు మీద పోటీ చేశాడంటే ఎలా నమ్మడం? నమ్మినవాడు ఒకే ఒక్కడు, మా లారీ డ్రైవర్ ఖాన్ సాబ్. ఆయన పాకిస్తాన్‌లో స్వాత్ లోయవాడు, చలికాలం ఇంటి కప్పుమీద మంచు పారతో ఎత్తిపోసి పెరిగినవాడు. ఫౌజీ మోకాళ్ళ వైపు ఒకసారి చూసి, "సచ్ బోల్తా హై" అన్నాడు. నిజమే చెబుతున్నాడని. ఆ రోజు నుంచి ఇద్దరికీ జిగిరీ దోస్తీ.

తర్వాత తర్వాత నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఫిరంగుల దళంలో ఉండగా కశ్మీరు కొండలకు పోస్టింగు వచ్చిందట. అక్కడ మంచు మీద నడక నేర్పుతూ ఉస్తాదు అందర్నీ గుట్టమీద నిలబెట్టి దూకమన్నాడట. పంజాబీలు, గఢ్వాలీలు కిందికి చూసి ఆలోచిస్తుంటే, కరీంనగర్ జిల్లావాడు ముందు దూకేశాడు. "నాకు ధైర్యమెక్కడిది తమ్మీ. అది ఏందో నాకెర్క లేదు. ఎర్క ఉన్నోళ్ళు భయపడ్డరు" అనేవాడు. ఆ తెలియనితనమే చూసి ఉస్తాదు జట్టులోకి తీసుకున్నాడు. జెండాల నడుమ నుంచి మెలికలు తిరుగుతూ దిగే పోటీలో నాలుగు చలికాలాలు ఆడాడు. రెండుసార్లు పతకం కూడా వచ్చింది. ఒక పతకం మేకపిల్ల మెడలో కట్టి ఫొటో దిగాడు. ఆ ఫొటో నేను చూశాను. మేకే బాగా పడింది, ఆయన సగమే.

చలికి అని పట్టాళంలో రమ్ము పోస్తారు. అక్కడ మొదలైంది. "చలికి మందన్నరు. చలి ఆడనే ఉన్నది, మందు నాతోటి ఊరికచ్చింది" అనేవాడు. మొదట్లో గ్లాసు, తర్వాత సీసా, ఆఖరికి పొద్దున్నే చేతులు వణక్కుండా ఉండటానికి కొంచెం. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాక హైదరాబాదులో అపార్టుమెంటు వాచ్‌మన్ పని దొరికింది. గేటు తీయాల్సిన మనిషి గేటుకు ఆనుకుని నిద్రపోతే ఎవరు ఉంచుకుంటారు? అప్పుడు వాళ్ళావిడకు ఒక ఉపాయం తోచింది. సౌదీలో మందు దొరకదు, దొరికితే జైలు. పంపేస్తే చచ్చినట్టు మానతాడు. మా ఉత్తర తెలంగాణలో ఇది కొత్త వైద్యం కాదు. తాగుబోతు మొగుళ్ళను, కొడుకులను ఆస్పత్రిలో చేర్చినట్టు సౌదీకి చేర్చిన ఇళ్ళు నాకు బోలెడు తెలుసు. అక్కడున్న తన తమ్ముడి కాళ్ళావేళ్ళా పడి ఆమె వీసా తెప్పించింది.

పాపం, ఆమెకు తెలియనిది ఒక్కటే. నలుగురు మనవాళ్ళు, నాలుగు డబ్బాల ద్రాక్షరసం, రొట్టెలపిండి పొంగించే కాస్త ఈస్టు ఉన్నచోట మందు దొరక్కపోవడమనేది ఉండదు. మా క్యాంపు వెనక వరసలో నీళ్ళ ట్యాంకు పక్కన ఒక గది నుంచి కుళ్ళిన ద్రాక్ష వాసన వస్తుండేది. ఫౌజీకి మెస్సు ఎటుందో తెలియకముందే ఆ గది తెలిసిపోయింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఖాన్ సాబ్ లారీ ఆగి ఉంది. ఐస్‌క్రీము పెట్టెలు ఎంతకీ బయటికి రావు. నేను తిట్టుకుంటూ ఫ్రీజర్ తలుపు తీశాను. ఫౌజీ పెట్టెల మీద కూర్చుని ఉన్నాడు. కంపెనీ ఇచ్చిన మందపాటి కోటు విప్పి మడతపెట్టి పక్కన ఉంచాడు. పెదాలు నేరేడుపళ్ళ రంగుకు తిరిగాయి. చేతులు రెండూ కర్రలు పట్టుకున్నట్టు ముందుకు చాచి, నా వైపు చూసి, "నంబర్ పిలిచిన్రా?" అన్నాడు.

"ఏం నంబరే అన్నా?"

"నాది పదకొండు. నా ముందటోడు దిగిండా?"

నేనూ ఖాన్ సాబ్ చెరో రెక్కా పట్టి బయటికి లాగి, లారీ ఇంజను పక్కన వెచ్చగా పడుకోబెట్టి, దొరికిన దుప్పట్లన్నీ కప్పాం. చెంపలు రుద్దుతూ ఖాన్ సాబ్ ఒకటే మాట అంటున్నాడు: "ఫౌజీ సాబ్, బర్ఫ్ మే సోనేవాలా ఉఠ్తా నహీ." మంచులో నిద్రపోయినవాడు మళ్ళీ లేవడని. ఆ సంగతి ఫౌజీకి మాకంటే బాగా తెలుసు. అదే వింత.

తెలివి వచ్చాక ఏం వాగానని అడిగాడు. నంబర్ సంగతి చెప్పాను. మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పదకొండు నా ఆఖరి రేసు తమ్మీ. ఆ పొద్దు చలికని రెండు గ్లాసులేసుకొని నిలవడ్డ. మూడో మలుపు కాడ ఒక్క జెండా ఉండాలె, నాకు రెండు కనవడ్డయి. రెండిట్ల ఏది నిజమో ఎంచేలోపల్నే మోకాలు పోయింది" అన్నాడు. తర్వాత ఖాన్ సాబ్ తెచ్చిన పాలులేని చాయ్ తాగుతూ, "ఇగ తాగ" అన్నాడు. మేం తలూపాం. తాగుబోతుల ఒట్లు మేం చాలా విన్నాం.

కానీ ఈయన వైద్యం వేరుగా ఉంది. మరుసటి వారం మెస్సులో పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డాం. ఉన్నట్టుండి నా ముందున్న ఫౌజీ పళ్ళెం నా చేతికిచ్చి, మోకాళ్ళు వంచి, మోచేతులు డొక్కలకు ఆనించి, వీపు ముందుకు వాల్చి, నడుము ఎడమకు, కుడికి, ఎడమకు తిప్పడం మొదలుపెట్టాడు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. పప్పు గరిటె పట్టుకున్న నేపాలీ వంటవాడు నోరు తెరిచాడు. వరస ఆగిపోయింది. కాసేపటికి ఫౌజీ నిటారుగా నిలబడి, ఊపిరి వదిలి, పళ్ళెం తీసుకుని, "రెండు గరిటెలు పొయ్యి" అన్నాడు.

"ఏమైందే?" అన్నాను.

"బుద్ది పుట్టింది. ఆ గది దిక్కు పోవాలనిపించింది. దిగిన." తర్వాత నింపాదిగా వివరించాడు. "తాగాలన్న కోరిక కొండంత ఉంటది తమ్మీ. ఎక్కుడు పొద్దంత పడుతది గని, దిగుడెంతసేపు? నిమిషమున్నర. ఆ నిమిషమున్నర పడకుంట నిలవడితే, కిందికచ్చినంక అంత చదునే."

అప్పటినుంచి ఆ రేసులు క్యాంపులో మామూలైపోయాయి. బస్సెక్కుతూ, మెట్లు దిగుతూ, సబ్బు కొనడానికి దుకాణం ముందు నిలబడి, ఎక్కడ కోరిక పుడితే అక్కడ వంగేవాడు. కొత్తవాళ్ళెవరైనా కంగారుపడి నీళ్ళు తెస్తుంటే ఖాన్ సాబ్ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఠైరో. ఫౌజీ సాబ్ రేస్ మే హై." ఆగండి, ఫౌజీ రేసులో ఉన్నాడు. బస్సు కూడా ఆపేవాడు. అరబ్బు ఫోర్‌మన్ ఒకసారి ఇది ఏ మతం నమాజు అని నన్ను అడిగాడు. మిలటరీ మతం అని చెప్పాను. గౌరవంగా తలూపి వెళ్ళిపోయాడు.

ఒక్కసారి పడ్డాడు. వాళ్ళమ్మ పోయిందని కబురు వచ్చిన వారం. మర్నాడు వచ్చి నా మంచం పక్కన నిలబడి, "పడ్డ" అన్నాడు. డ్యూటీకి రిపోర్టు చేసినట్టు. నేను ఏదో ఓదార్చబోతే ఆపాడు. "ఉస్తాదు మాకు ముందుగాల పడుడే నేర్పిండు. పక్కకు పడాలె. పడ్డోడు కూసుండి ఏడ్వద్దు, ఎనుకటోడు అచ్చి మీద పడుతడు." అని ఫ్రీజర్ గదికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నా కళ్ళముందు మళ్ళీ పడలేదు. వెనక గది వాసన కూడా ఏదో పోలీసు దాడి భయంతో కొన్నాళ్ళకు మాయమైంది.

అలా ఏళ్ళు గడిచాయి. ఇంతలో నితాఖత్ ముదిరింది. సౌదీవాళ్ళకు ఎంతమందికి ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులేసే పద్ధతి అది. ఎర్రరంగు పడితే మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులు, పొడిగించరు. దాని వెనకే లెవీలు వచ్చాయి, మా ఒక్కొక్క తలకాయకూ నెలనెలా కంపెనీ పన్ను కట్టాలి. క్యాంపులో రోజూ ఒక పుకారు. రేపు ప్యాకింగువాళ్ళకు ఖురూజ్ కొడతారట, ఎల్లుండి డ్రైవర్లకట. ఖురూజ్ అంటే ఇక తిరిగిరాకుండా ఇంటికి పంపడం. అందరికీ జీతం పోతుందని దిగులు. ఫౌజీ దిగులు మాత్రం వేరు. "మా ఇంటికి ఎడమ దిక్కు బెల్టుషాపు, కుడి దిక్కు బెల్టుషాపు. నడుమల నేను. ఈడ తాగాలంటే మందు ఎతుకాలె. ఆడ తాగొద్దంటే ఇల్లు ఎతుకాలె" అనేవాడు. మిగతావాళ్ళంతా సౌదీ నుంచి ఎప్పుడు బయటపడతామా అని ఏడుస్తుంటే, పోతే చస్తానని ఏడ్చినవాడు ఈయనే.

ఆ మాటే వెళ్ళి హెచ్.ఆర్. ఆఫీసులో చెప్పాడు. అక్కడ మన హైదరాబాదు అతనే ఉండేవాడు, మెడలో ట్యాగు, మాట మాటకీ ఇంగ్లీషు. "అంకుల్, యాక్చువల్లీ ఇది పాలసీ మేటర్. కోల్డ్ స్టోర్‌లో లోకల్స్‌ని ట్రైన్ చేయాలి. మీరే ట్రైనర్. వాళ్ళు సెటిల్ అయితే మీ పోస్ట్ క్లోజ్" అన్నాడు.

అంటే తన కుర్చీలో కూర్చునేవాడికి తనే పాఠం చెప్పాలి. మాకు మాత్రం ధైర్యమొచ్చింది. ఆ ఫ్రీజర్‌లో సౌదీవాడు నిలుస్తాడా? అనుకున్నట్టే అయింది. మొదటివాడు తలుపు తీసి, "లా" అని, అంటే వద్దని, తలుపు మూసి వెళ్ళిపోయాడు. రెండోవాడు పెద్దకోటు వేసుకుని లోపల సెల్ఫీ దిగాడు, ఫొటో బాగా వచ్చిందని చూసుకున్నాడు, మళ్ళీ రాలేదు. మూడోవాడి తల్లి ఆఫీసుకు ఫోను చేసి అరిచింది. మేం లోలోపల పండగ చేసుకున్నాం. నాలుగోవాడు ఫహద్. ఇద్దరు పిల్లల తండ్రి, బానపొట్ట, అడుగు తీసి అడుగు వేయడానికి ఆయాసం. వీడు వారం ఆగడని నేను పందెం కాశాను.

ఫహద్ రోజూ ఆలస్యంగా వచ్చి, డిస్పాచ్ గదిలో నా ఎదురుగా కూర్చుని ఫోను చూసుకునేవాడు. ఫ్రీజర్ తలుపు ముట్టలేదు. అంతా సవ్యంగా నడుస్తోంది. ఒకరోజు మా గుమ్మం ముందు ఫౌజీకి కోరిక పుట్టింది. వంగాడు. ఎడమ, కుడి, ఎడమ. ఫహద్ ఫోను దించాడు. "ఎష్ హాదా?" ఏమిటిది అన్నాడు.

నేను కడుపునొప్పి అని చెబుదామనుకున్నాను. ఈలోగా ఫౌజీ నిటారుగా లేచి, తన వచ్చీరాని అరబ్బీలో, చేతులతో కొండ కట్టి, వేళ్ళతో జారి, మొత్తం చూపించాడు. మా మేస్త్రీ అడిగిన ప్రశ్న ఒక్కటీ ఫహద్ అడగలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని లేచి నిలబడ్డాడు. పొట్ట వెనక్కి లాక్కుని, వంగబోయి, బోర్లాపడ్డాడు.

"ముందటికి గాదు, పక్కకు పడాలె!" అని ఫౌజీ తెలుగులోనే కేకేశాడు. పతనం ఖాయమని నాకు అప్పుడే అర్థమైంది. ఎవరి పతనం అన్నది వేరే సంగతి.

రెండు వారాల్లో ఫహద్ మాకంటే ముందొచ్చి ఫ్రీజర్ తలుపు దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. లోపల నేలమీద మంచుపొర ఉంటుంది కదా, పెట్టెల దొంతరలే జెండాలు. వాటి మధ్య తోపుడుబండి పట్టుకుని ముందు ఫౌజీ, వెనక ఫహద్. "రుక్బా! రుక్బా!" అని ఫౌజీ అరుపులు. రుక్బా అంటే మోకాలు, మోకాలు వంచమని. చలికి అలవాటు పడటానికి చేతులు ఎక్కడ దాచుకోవాలి, ఊపిరి ఎలా పీల్చాలి, ఎప్పుడు బయటికి రావాలి, అన్నీ నేర్పాడు. ఫహద్ పొట్ట తగ్గింది. "కోచ్, కోచ్" అని ఈయన వెంట తిరిగేవాడు. ఇంటి నుంచి ఖర్జూరాలు, వాళ్ళావిడ వండిన కబ్సా అనే మాంసం అన్నం తెచ్చేవాడు.

నాకు పిచ్చెక్కింది. ఫౌజీని పక్కకు పిలిచి కడిగేశాను. "నీకేమన్న తిక్కనా? వాడు నిలిస్తే నువ్వు పోతవ్. చలికి మోకాళ్ళు పడిపోతయని జెప్పు. పిల్లలు పుట్టరని జెప్పు. బెదిరించు!"

"వానికి ఇద్దరు పిల్లలున్నరు గదనే."

"మూడోది పుట్టదని జెప్పు!"

ఫౌజీ తల గోక్కున్నాడు. "జెప్పుదామనే పోయిన తమ్మీ. వాడు మలుపు మంచిగ తిరిగిండు. నోట్లెకెల్లి శాబాష్ అచ్చింది. నేను పట్టాళంల ఉన్నప్పుడు నాకెవ్వడన్న గట్ల నేర్పకుంటె, నేనేడ ఉందును? నేర్సుకుంటనని అచ్చినోన్ని ఎల్లగొట్టరాదు." అంటూనే వంగి ఒక రేసు దిగాడు. ఆ రోజుల్లో రేసులు బాగా ఎక్కువయ్యాయి. భయం ఎంతుందో వాటినిబట్టే తెలిసేది.

చివరికి ఖురూజ్ కాగితం వచ్చింది. విన్న ఫహద్ కోపంతో ఊగిపోతూ ముదీర్, అంటే మేనేజరు, గదిలోకి వెళ్ళాడు. కోచ్ లేకపోతే తనూ ఉండనన్నాడు. ముదీర్ నవ్వి, "నువ్వింత బాగా నేర్చుకున్నావు, ఇక ఆయనెందుకు?" అన్నాడట. ఫహద్ బయటికొచ్చి ఆ మాట మాకు చెబుతూ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఫౌజీయే వీపు నిమిరాడు.

పోయేముందు ఇంకో తంటా. కంపెనీ ఇచ్చిన టికెట్టు గాలిలో మందు పోసే విమానానిది. ఫౌజీ మళ్ళీ హెచ్.ఆర్.కు పరిగెత్తాడు. "సారూ, సౌదీవాళ్ళ ఇమానం ఇప్పియ్యిండ్రి. దాంట్ల మందు పొయ్యరు." ఆ అధికారి, తన సర్వీసులో ఇంతవరకు వచ్చినవాళ్ళంతా మందు పోసే విమానం ఇప్పించమని బతిమాలినవాళ్ళేనన్నాడు. ఏమనుకున్నాడో, ఈసారి పాలసీ మాట ఎత్తకుండా టికెట్టు మార్పించాడు. రియాద్ విమానాశ్రయానికి ఫహద్ తన బండిలో తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. లోపలికి వెళ్ళే వరసలో, ఇంత లావు పెట్టె పక్కన పెట్టి, ఫౌజీ మోకాళ్ళు వంచాడు. ఫహద్ కూడా అవతల అద్దం దగ్గర వంగాడు. పోలీసు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. నేను ఎవరో తెలియనట్టు మొహం పెట్టి నిలబడ్డాను.

ఊళ్ళో బియ్యం మిల్లుకు వాచ్‌మన్‌గా చేరాడు. కొన్నాళ్ళకు నేనూ వచ్చేసి ఆర్మూరులో ఈ దాణా దుకాణం పెట్టుకున్నాను. ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం. బెల్టుషాపుల బాధ కంటే చుట్టాల బాధ ఎక్కువగా ఉందనేవాడు. మా వైపు దావత్‌లో మనిషి ముందు గ్లాసు పెట్టకపోతే వాడికి అవమానం. పెట్టింది తాగకపోతే పెట్టినవాడికి అవమానం. ఈయన వద్దంటే, "సౌదీకి పోయచ్చి పెద్దమనిషయిండు" అని ఒకడు, "ఇంట్ల తాగచ్చిండు తియ్యి" అని ఇంకొకడు. మిల్లులో కోరిక పుట్టి వంగి నడుము తిప్పుతుంటే హమాలీలు తాగి ఊగుతున్నాడనుకున్నారట. మానడానికి పడే పాటే తాగినదానికి రుజువై కూర్చుంది. "మంచుల జారిన్నంటె నమ్మలే. తాగుత లేనంటె నమ్ముత లేరు. నా బతుకుల నిజమైనయి ఈ రెండే తమ్మీ" అన్నాడొకసారి. "నువ్వన్న నమ్ముతున్నవా?" అని అడిగాడు. నమ్ముతున్నానే అన్నాను. ఆ తర్వాతే ఎందుకో ఫోన్లు తగ్గాయి.

అందుకే మూడో రోజుకు బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఫౌజీ వాళ్ళ అన్న గడపలో ఎదురొచ్చి, "రాండ్రి రాండ్రి. సౌదీల మావోనితోటి కలిసి తాగెటోళ్ళా?" అన్నాడు. చావు ఇల్లని చెప్పులు విడిచి లోపలికి నడిచాను. లోపల ఫౌజీ భార్య, మా వదినె, గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను ఎప్పుడూ చూడకపోయినా పేరు చెప్పగానే గుర్తుపట్టింది. మిల్లులో గుండె ఆగిపోయిందని చెప్పింది. ఫోను పాడైపోయి బీరువాలో పడి ఉందట, రేపు బాగుచేయిస్తా, మాపు బాగుచేయిస్తా అంటూనే ఉన్నాడట. నేను అడగలేక అడగలేక, "వదినె, మల్ల..." అన్నాను.

"చుక్క ముట్టలే తమ్మీ. అందరికి జెప్తున్న. మొగనిమీది పావురంతోటి, పేమతోటి జెప్తున్నదనుకుంటున్నరు."

అదే సమయానికి పిట్టకు పెట్టడానికి బయల్దేరారు. పోయినవాడికి ఏవి ఇష్టమో అవన్నీ వండి కాలువగట్టు మీద విస్తట్లో పెట్టి, దూరం జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా చూడాలి. ముట్టకపోతే మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అన్నం, మాంసం, గారెలు పెట్టారు. వాటి నడుమ అన్న ఒక క్వార్టరు సీసా మూత తీసి నిలబెట్టాడు. వదినె, "అది వద్దు బావా" అంది. "ఊకో, వాని సంగతి నాకెర్క లేదా" అన్నాడాయన.

కాకి వచ్చింది. చింతకొమ్మ మీద వాలి చూసింది. దిగలేదు.

"రా తమ్మీ, రా. నీ పెండ్లాన్ని మేం సూసుకుంటం" అని అన్న అరిచాడు. కదల్లేదు. "నీ పొలం గెట్టు జరిపిన్నని నీకు కోపముండె. ఇడిచిపెట్టిన, పో!" అని అందరి ముందూ అనేశాడు. ఊరి పెద్దలు మొహాలు చూసుకున్నారు. కాకి ముక్కు కొమ్మకు రాసుకుంది. అన్న మొహంలో గెట్టు పోయిన బాధ కొట్టొచ్చినట్టు కనిపించింది. "మందు సస్తాది పెట్టినం. అందుకే" అని తేల్చి, మనిషిని పంపి ఖరీదైన సీసా తెప్పించాడు. దిగలేదు. పక్క ఊరి నుంచి వచ్చిన మాజీ సైనికుడొకాయన ముందుకొచ్చి, "మిలిటరోడు మిలిటరీ రమ్ము తప్ప ముడుతాడా" అని తన కోటా సీసా తెచ్చి మూడోదిగా నిలబెట్టాడు. కాకి ఎగిరి అవతలి కొమ్మకు పోయింది. ఎండెక్కుతోంది. కడుపులు మాడుతున్నాయి. ఇంకో షాపులో ఇంకో రకం ఉందేమో అని చర్చ మొదలైంది.

అప్పుడు వదినె లేచింది. ఎవరినీ అడగలేదు. గబగబా గట్టెక్కి మూడు సీసాలూ తీసుకుని, వచ్చి బావ చేతుల్లో పెట్టింది. "ఇవి నీ కోరికలు బావా. ఆయినెయి గావు" అని పక్కకు జరిగి నిలబడింది.

ఆమె మాట ఇంకా అయిందో లేదో, కాకి దిగింది. విస్తరి చుట్టూ ఒకసారి తిరిగి, అన్నం మెతుకులు ముక్కున కరుచుకుంది. దాని వెనక ఇంకో రెండు వాలాయి.

అన్న మూడు సీసాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. వదినె నా వైపు తిరిగింది. "మనుషులకు జెప్పి జెప్పి నోరు నొచ్చింది తమ్మీ. దానికి ఎవ్వలు జెప్పలే" అంది. అంటూనే గట్టుమీద కూలబడి ఏడ్చింది, మూడు రోజుల్లో మొదటిసారని పక్కనున్న ఆడవాళ్ళు చెప్పారు. నేనూ ఆమె పక్కనే కూర్చుని, సిగ్గు వదిలేసి ఏడ్చాను.